జీపాడర్ డౌన్‌లోడ్లు విండోస్‌కీ లైనక్స్‌కీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఎలా?

రెండుపడవలు:

ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, దాని పక్కనే లైనక్స్ వేసుకున్నాను. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. లైనక్స్‌కి ఇచ్చింది 60 జీబీ, అప్పట్లో అదే చాలా ఎక్కువ అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. సీ డ్రైవ్ విండోస్‌ది. మిగిలిన 200 జీబీ పైచిలుకు డీ డ్రైవ్, విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది, రెండు వైపుల నుంచీ తెరుచుకుంటుంది.

నాకు పాడ్‌కాస్ట్‌ల పిచ్చి. వాటిని దించుకోవడానికి రెండు వైపులా జీపాడర్ యాపే, రెండింటిలోనూ అవే నలభై సబ్‌స్క్రిప్షన్లు. గంట ఎపిసోడ్ 128 కేబీపీఎస్‌లో ఉంటే దగ్గర దగ్గర 58 ఎంబీ వస్తుంది. అలాంటివి మూడు వందలు దాచుకున్నాను, అంటే 17 జీబీ. అదే 17 జీబీ ఇటూ ఉంది, అటూ ఉంది. లైనక్స్ వైపు డిస్క్ నిండిపోతోందని రోజూ వార్నింగ్.

ప్రిఫరెన్సెస్ అంతా వెతికాను. ప్లేయర్ ఏది కావాలో అడుగుతుంది, విన్నవి ఎన్ని రోజులకు చెరిపేయాలో అడుగుతుంది, డౌన్‌లోడ్లు ఎక్కడ పెట్టాలో మాత్రం అడగదు. దాంతో నా సొంత తెలివి వాడాను. విండోస్ వైపు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి, లైనక్స్‌లో ఉన్న డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తీసేసి, దాని స్థానంలో డీ లోని ఫోల్డర్‌కి సిమ్‌లింక్ (అసలు ఫోల్డర్‌కి దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) పెట్టాను. మొదటి రోజు బ్రహ్మాండం. ఆ తర్వాత మొదలైంది టెన్షన్.

కొన్ని రోజులు పొద్దున్నే లైనక్స్‌లో కొత్త ఎపిసోడ్ దించబోతే రీడ్ ఓన్లీ అంటుంది. కొన్ని రోజులు ఏమీ అనదు. మొన్నయితే యాప్ తెరిచేసరికి మూడు వందల్లో ఒక్కటీ లేదు, లిస్ట్ అంతా ఖాళీ. గుండె ఆగినంత పనైంది. ఫైల్ మేనేజర్‌లో డీ తెరిచి చూస్తే ఫైళ్లు ఉన్నచోటే భద్రంగా ఉన్నాయి. యాప్ మూసి మళ్లీ తెరిస్తే అన్నీ తిరిగొచ్చాయి, కానీ నేను ఎప్పుడో వినేసినవి కూడా కొత్తవన్నట్టు గుర్తు పెట్టుకుని వచ్చాయి. ఇదేం దెయ్యమో అర్థం కావట్లేదు. విండోస్ వైపు ఇంకా ఏమీ కదపలేదు, అక్కడ పాత ఫోల్డరే వాడుతోంది, భయమేసి ముట్టుకోలేదు.

దీనికి సరైన పద్ధతి ఏమైనా ఉందా, లేక రెండు కాపీలు మోయాల్సిందేనా?


పాతమౌస్:

పద్ధతి ఉందండీ, మెనూల్లో దొరకదంతే. జీపాడర్ మొదలయ్యేటప్పుడు రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాములు చదువుకునేలా సిస్టమ్‌లో పేరు పెట్టి రాసే విలువలు) చూస్తుంది. ఒకటి జీపాడర్_హోమ్, రెండోది జీపాడర్_డౌన్‌లోడ్_డిర్. నేను తెలుగులో పలికినట్టు రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీష్ పెద్దక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్. మొదటిది పెడితే సంసారం మొత్తం అక్కడికి పోతుంది, అంటే డేటాబేస్, సెట్టింగ్స్, డౌన్‌లోడ్లు అన్నీ. రెండోది పెడితే ఆడియో ఫైళ్లు మాత్రమే పోతాయి, మిగతావి ఎక్కడివక్కడే. ఏదీ పెట్టకపోతే లైనక్స్‌లో మీ హోమ్ లోపల, విండోస్‌లో డాక్యుమెంట్స్ లోపల జీపాడర్ అని ఫోల్డర్ చేసుకుని కూర్చుంటుంది. మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ క్లౌడ్ బ్యాకప్‌లో ఉంటే ఆ 17 జీబీని పైకి ఎక్కించడానికి అది ప్రయత్నిస్తూనే ఉంటుంది, నెట్ నెమ్మదిగా ఉందని ఎప్పుడైనా అనుకుని ఉంటే ఒకసారి అటు చూడండి.

విండోస్‌లో స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ అని కొడితే మీ అకౌంట్‌కి సంబంధించిన వేరియబుల్స్ మార్చే కిటికీ వస్తుంది, అందులో కొత్తది చేర్చి విలువగా డీ డ్రైవ్‌లోని ఫోల్డర్ దారి ఇవ్వండి. యాప్ తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవాలి, నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కొత్త వేరియబుల్ తెలియదు.

లైనక్స్‌లో కొందరు హోమ్‌లోని ప్రొఫైల్ ఫైల్‌లో రాస్తారు. టెర్మినల్ నుంచి తెరిస్తే పనిచేస్తుంది, మెనూ ఐకాన్ నుంచి తెరిస్తే ఒక్కో డెస్క్‌టాప్‌లో ఆ ఫైల్ చదవదు, అప్పుడు సగం రోజులు ఇక్కడా సగం రోజులు అక్కడా దిగుతాయి, అంతకన్నా తలనొప్పి లేదు. నేనైతే జీపాడర్ లాంచర్ ఫైల్‌ని (మెనూ ఐకాన్ వెనక ఉండే ఫైల్) హోమ్ లోపలి లోకల్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అందులో ఎగ్జెక్ అనే లైన్‌లో ప్రోగ్రామ్ పేరుకి ముందు ఎన్వ్ అని, ఆ తర్వాత వేరియబుల్, దాని విలువ రాశాను. ఐకాన్ నొక్కిన ప్రతిసారీ అదే దారి, ఇంక మారదు.

పాత ఫైళ్లు జరిపేటప్పుడు లోపలి ఫోల్డర్ల పేర్లు మాత్రం మార్చకండి. డేటాబేస్ పూర్తి దారి గుర్తుపెట్టుకోదు, ఏ పాడ్‌కాస్ట్‌కి ఏ ఫోల్డర్, ఏ ఎపిసోడ్‌కి ఏ ఫైల్ పేరు, అంతే రాసుకుంటుంది. అందుకే మొత్తంగా ఎత్తి ఇంకో డ్రైవ్‌లో పెట్టినా దానికి అభ్యంతరం లేదు. సగం దిగి ఆగినవి పార్షియల్ అనే తోకతో ఉంటాయి, జరిపే ముందు వాటిని పూర్తిగా దించేయండి, లేదా వదిలించుకోండి.


నిద్రపోనిసిస్టమ్:

రీడ్ ఓన్లీ సంగతి నేను చెప్తా. ఒక్క ప్రశ్న. రాత్రి విండోస్‌లో పని ముగించి షట్‌డౌన్ కొట్టి, పొద్దున్నే లైనక్స్‌లోకి వెళ్లిన రోజుల్లోనే ఇది వస్తోంది కదా? విండోస్ నుంచి రీస్టార్ట్ కొట్టి నేరుగా లైనక్స్‌కి వెళ్లినప్పుడు రావట్లేదు కదా?

అయితే అది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఉంది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ లోపలి కెర్నల్‌ని, అంటే సిస్టమ్ గుండెకాయని, డిస్క్ మీద రాసిపెట్టుకుని పడుకుంటుంది, రేపు తొందరగా లేవడానికి. అంటే అది చావలేదు, కునుకు తీస్తోంది. డీ డ్రైవ్‌లో ఏముందో దాని లెక్కలు దాని తలలోనే ఉంటాయి. లైనక్స్ వచ్చి చూస్తే పార్టిషన్ సరిగ్గా మూసినట్టు ఉండదు, కాబట్టి రాయడానికి ఒప్పుకోదు, చదవడానికి మాత్రం ఇస్తుంది, కొన్నిసార్లు అసలు మౌంటే చేయదు, అంటే డ్రైవ్‌ని తెరిచి తన ఫోల్డర్లలో కలుపుకోదు. అది చేస్తున్నది మంచి పనే, తిట్టకండి. రీస్టార్ట్ కొడితే విండోస్ పూర్తిగా దిగుతుంది, అందుకే ఆ రోజుల్లో ఏ గొడవా ఉండదు.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ ఏం చేయాలి అనే లింక్, అక్కడ ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. టిక్ బూడిద రంగులో ఉండి కదలకపోతే పైన ఉన్న లింక్ నొక్కి అడ్మిన్ అనుమతి ఇవ్వాలి. హైబర్నేట్ అసలే వాడకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆఫ్ అని కొట్టండి, రెండూ పోతాయి, సీ డ్రైవ్‌లో కొన్ని జీబీలు తిరిగి కూడా వస్తాయి. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ టిక్ మళ్లీ వచ్చిందేమో ఒకసారి చూసుకోవడం నాకు అలవాటు.

ఇంకో మాట. నెట్‌లో ఎక్కడో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ కొట్టు, లేదా విండోస్ నిద్ర లెక్కలుండే హైబర్ ఫైల్ తీసేసే ఆప్షన్‌తో మౌంట్ చేయి అని సలహా కనిపిస్తుంది. అది నిద్రపోయేవాడి మంచం కింద నుంచి లాగేయడం లాంటిది. విండోస్‌లోకి వెళ్లి చెక్‌డిస్క్ నడిపి, సరిగ్గా షట్‌డౌన్ చేసి రండి, చాలు.


రెండుపడవలు:

@నిద్రపోనిసిస్టమ్ మీరు పక్కన కూర్చుని చూసినట్టే చెప్పారు! అవును, రాత్రి షట్‌డౌన్ చేసిన రోజుల్లోనే వస్తోంది. టిక్ తీసేశాను, నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగాను, రీడ్ ఓన్లీ పోయింది.

@పాతమౌస్ గారూ, లాంచర్ ఫైల్ పద్ధతి పెట్టాను, సిమ్‌లింక్ తీసేశాను. విండోస్ వైపు కూడా వేరియబుల్ పెట్టాను. కానీ ఈ రోజు పొద్దున మళ్లీ అన్నీ మాయం. ఈసారి కంగారు పడకుండా గమనించాను. లాగిన్ అవ్వగానే నేరుగా జీపాడర్ ఐకాన్ నొక్కాను. అప్పటికి ఫైల్ మేనేజర్ తెరవలేదు. డీ డ్రైవ్ మీద క్లిక్ చేసి, యాప్ మూసి తెరిస్తే మళ్లీ వచ్చాయి, మళ్లీ అన్నీ కొత్తవిగా.


టెర్మినల్‌తాత:

దెయ్యం దొరికింది బాబూ. నువ్వే చెప్పేశావ్ చివర్లో.

లైనక్స్‌లో డీ డ్రైవ్ నీ కోసం ఎప్పుడూ తెరుచుకుని ఉండదు. ఫైల్ మేనేజర్‌లో క్లిక్ చేసినప్పుడే డెస్క్‌టాప్ దాన్ని మౌంట్ చేస్తుంది. అంతకు ముందు యాప్ తెరిస్తే ఆ దారిలో ఏమీ ఉండదు. జీపాడర్ మొదలవ్వగానే ప్రతి పాడ్‌కాస్ట్ ఫోల్డర్‌నీ ఒకసారి తనిఖీ చేస్తుంది. డౌన్‌లోడ్ అయిందని డేటాబేస్‌లో ఉండి ఫైల్ కనపడకపోతే, ఓహో ఈయనగారు చేత్తో చెరిపేశాడు అనుకుని దాన్ని డిలీటెడ్ అని రాసేసుకుంటుంది. మళ్లీ ఎప్పుడైనా ఫైల్ కనపడితే, ఎవరో బయట నుంచి తెచ్చి పెట్టారనుకుని కలుపుకుంటుంది, అప్పుడు అది ఇప్పుడే దిగినట్టు లెక్క, అందుకే కొత్తది అనే గుర్తు. నువ్వు చూసింది అచ్చంగా ఇదే. యాప్ తన పని తాను చేసింది, దానికి ఖాళీ ఇల్లు చూపించింది మనమే.

కాబట్టి బూట్ అయ్యేటప్పుడే డీ మౌంట్ కావాలి. ఈటీసీ లోపల ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో ఒక లైన్. డివైస్ పేరు కాకుండా యూయూఐడీ, అంటే ఆ పార్టిషన్ గుర్తింపు సంఖ్య, రాయి, ఎందుకంటే డివైస్ పేర్లు మారొచ్చు, యూయూఐడీ మారదు. బ్లాక్‌ఐడీ అనే కమాండ్ (టైప్ చేసేది బీఎల్‌కేఐడీ) కొడితే చూపిస్తుంది. మౌంట్ పాయింట్‌గా ఎంఎన్‌టీ లోపల ఒక చిన్న పేరు పెట్టుకో, ఖాళీలు లేని పేరు. ఫైల్‌సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్3 అని రాయొచ్చు, అది కెర్నల్ 5.15 నుంచి, అంటే 2021 నుంచి లోపలే ఉంది. పాత ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అలవాటైతే అదీ బాగానే పనిచేస్తుంది. ఆప్షన్లలో యూఐడీ, జీఐడీ రెండూ నీ యూజర్ నంబర్ ఇవ్వు, ఎక్కువ సిస్టమ్‌లలో మొదటి యూజర్‌కి అది 1000. లేకపోతే ఫైళ్లన్నీ రూట్, అంటే లైనక్స్ అడ్మిన్, పేరు మీద కనపడతాయి. నోఫెయిల్ తప్పనిసరిగా పెట్టు, డ్రైవ్ మొండికేసిన రోజు బూట్ మధ్యలో ఆగిపోకుండా ఉంటుంది. విండోస్_నేమ్స్ అనే ఆప్షన్ కూడా పెట్టుకుంటే మేలు. ఎపిసోడ్ల పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం మామూలే, లైనక్స్‌కి అవి ఫైల్ పేర్లలో ఉన్నా పర్లేదు, విండోస్‌కి పడవు, తర్వాత అటు వెళ్తే ఆ ఫైల్ తెరుచుకోదు, చెరిపేద్దామన్నా మొండికేస్తుంది. ఈ ఆప్షన్ ఉంటే అలాంటి పేర్లు పుట్టనే పుట్టవు.

రాసిన వెంటనే రీబూట్ కొట్టకు. ముందు మౌంట్ డాష్ ఏ కొట్టి తప్పుల్లేవని చూసుకో. ఎఫ్‌స్టాబ్‌లో ఒక్క కామా తప్పు రాసి అర్ధరాత్రి రికవరీ మోడ్‌లో కూర్చున్న అనుభవం నాది, ఒక్కసారి చాలు.

ఇప్పుడు అసలు చిట్కా. నోఫెయిల్ పెట్టావు కాబట్టి ఏదో ఒక రోజు డీ మౌంట్ కాకుండానే సిస్టమ్ లేస్తుంది. అప్పుడు ఆ మౌంట్ పాయింట్ ఉత్త ఖాళీ ఫోల్డర్. అందులో రాసే అనుమతి నీకు ఉంటే జీపాడర్ హాయిగా అక్కడే కొత్త ఎపిసోడ్లు దించుతుంది, అంటే నీ 60 జీబీ లోకే. తర్వాత డీ మౌంట్ అయితే అవి దాని కింద దాక్కుంటాయి, ఎక్కడ జాగా పోయిందో తెలియక జుట్టు పీక్కుంటావు. అందుకని డీ మౌంట్ కాకముందు ఆ ఖాళీ ఫోల్డర్ రూట్ పేరు మీదే ఉంచి నీకు రాసే హక్కు లేకుండా చేయి. ఇంకా గట్టిగా కావాలంటే చాట్ర్, ప్లస్ ఐ కొట్టు, రూట్ కూడా అందులో ఏమీ పెట్టలేడు, పైన మౌంట్ చేయడానికి మాత్రం అడ్డు రాదు.

ఆ డిలీటెడ్ గొడవ మాత్రం దీనితో ఆగదు సుమా, ఖాళీ ఇల్లు ఖాళీ ఇల్లే. దానికి లాంచర్‌లో ఎగ్జెక్ లైన్ చోట చిన్న స్క్రిప్ట్ పెట్టి, మౌంట్‌పాయింట్ అనే కమాండ్‌తో ముందు చూసుకుని, మౌంట్ అయి ఉంటేనే యాప్ తెరిచేలా చేశాను నేను. రెండు లైన్ల పని.


కొత్తకీబోర్డ్:

ఇంత గోలెందుకు, ఆ డీ ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పోదా? రెండు వైపులా నడుస్తుంది కదా.


నిద్రపోనిసిస్టమ్:

నడుస్తుంది, కెర్నల్ 5.7 నుంచి లైనక్స్‌లో మంచి డ్రైవరే ఉంది. కానీ ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్, అంటే రాసే మార్పుల చిట్టా, లేదు. రాస్తుండగా కరెంట్ పోయినా బ్యాటరీ అయిపోయినా ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. పైగా ఫాస్ట్ స్టార్టప్ గొడవ దానికీ ఉంది, తేడా ఏంటంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే లైనక్స్ అనుమానపడి ఆగుతుంది, ఎక్స్‌ఫ్యాట్ అయితే మహా అయితే ఒక హెచ్చరిక రాసి పని కానిచ్చేస్తుంది, విండోస్ నిద్ర లేచి తన పాత లెక్కతో రాసేస్తే అప్పుడు తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌కి బాగుంటుంది, ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌కి నేను పెట్టను. లైనక్స్ సొంత ఫార్మాట్ ఎక్స్‌టీ4 అంటారేమో, దాన్ని విండోస్ తనంతట తాను చదవదు. డబ్ల్యూఎస్‌ఎల్‌తో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) మౌంట్ చేసే దారి ఉంది గానీ అది డిస్క్ మొత్తాన్ని అప్పగించమంటుంది, విండోస్ కూర్చున్న డిస్క్‌నే ఇవ్వలేం కదా.


పాతమౌస్:

తాతగారి మౌంట్‌పాయింట్ స్క్రిప్ట్ నేనూ దొంగిలిస్తున్నాను.

ఒక చిన్న అనుబంధం, జీపాడర్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే విడి పెట్టెలో నడిచే ప్యాకేజీగా, వేసుకున్నవాళ్లకి. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌కి అనుమతి ఇచ్చిన ఫోల్డర్లే కనపడతాయి, ఎంఎన్‌టీ లోపలిది దానికి తెలియకపోవచ్చు. ఫ్లాట్‌సీల్ అనే యాప్ తెరిచి అందులో ఆ ఫోల్డర్ దారి చేర్చండి, అక్కడే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా రాసుకునే చోటు ఉంటుంది, లాంచర్ ఫైల్ మార్చే పని తప్పుతుంది. ఇది తెలియక నేను ఒక సాయంత్రం మొత్తం ఎఫ్‌స్టాబ్‌ని అనుమానించాను పాపం.


రెండుపడవలు:

అయిపోయింది! ఎఫ్‌స్టాబ్ లైన్ పెట్టాను, మౌంట్ డాష్ ఏ మొదటిసారి తిట్టింది (లైన్‌లో ఒక అక్షరం మింగేశాను), రెండోసారి నోరు మూసుకుంది. స్క్రిప్ట్ కూడా పెట్టాను. లాగిన్ అవ్వగానే ఐకాన్ నొక్కినా అన్నీ ఉన్నాయి. లైనక్స్‌లో 17 జీబీ ఖాళీ అయింది, విండోస్‌లో పాత ఫోల్డర్ ఇంకో వారం ఉంచి అప్పుడు చెరుపుతాను, ధైర్యం చాలట్లేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఫైళ్లు కలిశాయి గానీ ఏది విన్నాను అనేది రెండు వైపులా వేరుగానే ఉంది. విండోస్‌లో వినేసినది లైనక్స్‌లో ఇంకా కొత్తదిగానే కనపడుతోంది. పైగా విండోస్‌లో ఒక ఎపిసోడ్ చెరిపేస్తే లైనక్స్‌లోనూ డిలీటెడ్ అని పడుతోంది, అది ఫర్వాలేదు, అర్థమైంది. డౌన్‌లోడ్_డిర్ బదులు హోమ్ వేరియబుల్ పెట్టి డేటాబేస్ కూడా డీ లోకి తెచ్చేస్తే?


టెర్మినల్‌తాత:

తేవచ్చు. ఆ డేటాబేస్ ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్, ఇద్దరు ఒకేసారి రాస్తే గొడవ. డ్యూయల్ బూట్‌లో ఒకేసారి ఇద్దరు లేవరు కదా, మామూలుగా రెండు కంప్యూటర్ల మధ్య పంచుకునేవాడికి ఉండే భయం నీకు లేదు. ఒక్క షరతు, యాప్ తెరిచి ఉంచి హైబర్నేట్ చేసి అటు వైపు వెళ్లకూడదు. అలా వెళ్తే ఇద్దరు లేచినట్టే.

రెండు వైపులా ఒకే వెర్షన్ ఉంచు. కొత్త వెర్షన్ డేటాబేస్ రూపం మార్చిందనుకో, పాతది దాన్ని చూసి తెల్లమొహం వేస్తుంది. సెట్టింగ్స్ కూడా ఒకే జేసన్ ఫైల్‌లో ఉంటాయి కాబట్టి విండోస్‌లో ప్లేయర్‌కి పూర్తి దారి ఇచ్చి ఉంటే లైనక్స్‌లో ఆ దారి దొరకదు. రెండు వైపులా సిస్టమ్ డిఫాల్ట్ ప్లేయర్ అని వదిలేయి. మార్చే ముందు రెండు పాత ఫోల్డర్లలోని డేటాబేస్ ఫైళ్లూ పక్కన కాపీ పెట్టుకో, ఏ వైపు ఎక్కువ విన్నావో ఆ వైపుది డీ లోకి తీసుకెళ్లు. రెండింటినీ కలిపే మార్గం మాత్రం వెతక్కు, దాని మీద పెట్టే టైమ్‌లో ఆ ఎపిసోడ్లన్నీ ఇంకోసారి వినేయొచ్చు.


రెండుపడవలు:

విండోస్ డేటాబేసే తీసుకున్నాను. లైనక్స్‌లో ఇప్పుడే తెరిచాను, నిన్న రాత్రి విండోస్‌లో విన్నవి ఇక్కడా విన్నట్టే గుర్తుతో ఉన్నాయి. ప్లేయర్ దారి మాత్రం తాత చెప్పినట్టే విరిగింది, డిఫాల్ట్‌కి మార్చేశాను. పోస్ట్ పేరు ముందు పరిష్కారమైంది అని చేరుస్తున్నాను.